ఎర్ర సంచిలో పార్వతమ్మ పళ్ళు

పళ్ళ డాక్టర్లు పళ్ళను ఒక్కొక్కటిగా పీకుతారు. నేను మాత్రం ఒక బుధవారం మధ్యాహ్నం, చింతామణిలో, ఒక పెద్దావిడ పళ్ళు ఇరవై ఎనిమిదింటినీ ఒకే నిమిషంలో లేకుండా చేశాను. మత్తు సూది వేయలేదు, పటకారు పట్టలేదు. ఆ సమయానికి ఆవిడ గదిలో కూడా లేదు. ఇంతటి ఘనకార్యం మా కాలేజీలో ఏ ప్రొఫెసరూ చేసి ఉండడు. ఎలా చేశానో చెబుతాను వినండి. నవ్వొస్తే ఆపుకోవద్దు. నా మీద నవ్వడం మా తాలూకాలో అందరికీ అలవాటే.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. బాగేపల్లిలో పుట్టి, బెంగళూరులో చదివి, చింతామణిలో ఒక మేడమ్ నడిపే పళ్ళ ఆస్పత్రిలో మొదటి ఉద్యోగంలో చేరాను. ఆస్పత్రి అంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు కుర్చీలు, ఒక ఎక్స్‌రే గది, బయట ఒక బెంచీ. మనుషులం ముగ్గురం: మేడమ్, నేను, రత్నమ్మక్క. రత్నమ్మక్క పనిముట్లు ఉడికించి శుభ్రం చేస్తుంది, రోగులను పిలుస్తుంది, డాక్టర్లు మరిచిపోయినవన్నీ గుర్తు పెట్టుకుంటుంది.

నేను చేరిన రెండో నెలలో జిల్లా కచేరి నుంచి ఉత్తరం వచ్చింది, శుక్రవారం తపాసణెకు వస్తున్నామని. తపాసణె అంటే తనిఖీ. ఆస్పత్రి చెత్తను సరిగ్గా వేరు చేస్తున్నారా, సూదులు ఎక్కడ పారేస్తున్నారు, పనివాళ్ళకు ప్రమాదం జరిగితే రాసి పెడుతున్నారా, ఇవన్నీ చూస్తారు.

మేడమ్ ఉత్తరం చదివి, "ఇదంతా నువ్వు చూసుకోప్పా. నీకు ఆసక్తి ఉండాది కదా" అన్నారు.

ఆసక్తా? ఆ మాట చాలదు. ఆ రోజు నుంచి నేను నడిచే నిబంధనల పుస్తకాన్ని అయిపోయాను. మూడు భాషల్లో పటాలు రాయించి గోడలకు అంటించాను. రక్తంతో తడిసిన దూదికి పసుపు సంచి, వాడేసిన ప్లాస్టిక్‌కు ఎర్ర సంచి, సూదులకు తెల్ల డబ్బా, గాజుకు నీలం డబ్బా. రోగి ఉమ్మి వేయడానికి తల తిప్పినా ఏదో ఒక పటం కనపడాల్సిందే. "ఒకసారి సంచిలో పడినది మళ్ళీ బయటికి తీయరాదు" అన్న పటాన్ని తలుపు మీదే అంటించాను, ఎర్ర అక్షరాలతో. టీ తాగే కాగితం కప్పును రత్నమ్మక్క ఏ డబ్బాలో వేస్తుందో కూడా నిలబడి చూసేవాణ్ణి.

"డాక్టరప్పా, నేను బెంగళూరులో పెద్దాస్పత్రి వార్డులో పదకొండేండ్లు చేసినాను" అంది ఆమె ఒకసారి.

"అయినా పటం చూసి వేయక్కా" అన్నాను నేను. అప్పటి ఆ కుర్ర డాక్టర్ని తలచుకుంటే ఇప్పటికీ లేచి ఒకటి వేయాలనిపిస్తుంది.

ఇక బుధవారానికి వస్తాను.

ఆ ఉదయం పార్వతమ్మ వచ్చింది. కెంచార్లహళ్ళి దాటాక ఒక చిన్న పల్లె ఆవిడది. డెబ్బై దగ్గర వయసు, రెండు ఎకరాల వేరుశెనగ, మూడు ఆవులు. ఆ పల్లెలో పాల సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. కొత్తగా కట్టించుకున్న పళ్ళ సెట్టు కింది చిగుళ్ళను ఒరుసుకుని పుండు చేస్తోందట. మేడమ్ చూసి, "దీన్ని కొంచెం అరగదీయాలమ్మా. ఇక్కడే పెట్టిపో, నాలుగు గంటలకు రా" అన్నారు. పార్వతమ్మ పై పళ్ళూ కింది పళ్ళూ తీసి, తడి దూదిలో చుట్టి, కుర్చీ పక్కనున్న స్టీలు పళ్ళెంలో పెట్టి సంతకు వెళ్ళింది. మేడమ్ భోజనానికి వెళ్ళారు. రత్నమ్మక్క ఎక్స్‌రే గది తుడుస్తోంది.

నేను మాత్రం గదిలో ఏ వస్తువూ బయట కనపడకూడదన్న దీక్షలో ఉన్నాను. పళ్ళెంలో తడి దూది ఉండ కనపడింది. దాని మీద చిన్న రక్తపు మరక. విప్పితే పళ్ళ సెట్టు.

మామూలు బుర్ర ఉన్నవాడు ఏం చేస్తాడు? "ఇవి ఎవరివి?" అని కేకేస్తాడు. నేను చెత్త పటం దగ్గరికి వెళ్ళాను. పళ్ళ సెట్టు ఏ రంగులోకి వస్తుంది? పళ్ళు మనిషి అవయవాలు కాబట్టి పసుపా? కాదు, ఇవి సొంత పళ్ళు కావు. గాజు కాదు, సూది కాదు. ప్లాస్టిక్ జాతి, పైగా నోట్లో వాడేసినది. కాబట్టి ఎర్ర సంచి! దూది పసుపులో, పళ్ళు ఎరుపులో. ఎంత చక్కగా వేరు చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. సంచుల మూతులు బిగించి, బార్‌కోడ్ చీటీలు అంటించాను. రెండు గంటలకు చెత్త వ్యాన్ వచ్చింది. నా చేతులతో నేనే ఇచ్చి పంపాను.

మూడున్నరకు మేడమ్ వచ్చి కుర్చీ పక్కకు చూశారు.

"పార్వతమ్మ పళ్ళు యాడుండాయి?"

"ఏ పళ్ళు మేడమ్?"

"ఈ పళ్ళెంలో దూదిలో చుట్టి పెట్టిండేవి."

నా కళ్ళు నా అనుమతి లేకుండానే ఎర్ర డబ్బా వైపు తిరిగాయి. అందులో కొత్త సంచి, ఖాళీగా, కడిగిన గిన్నెలా మెరుస్తోంది.

రత్నమ్మక్కకు అర్థమైపోయింది. "అయ్యో డాక్టరప్పా" అని మాత్రం అంది. తలుపు మీది పటం వైపు వేలు కూడా చూపించలేదు. చాలా మర్యాదస్తురాలు.

ఇంతలో పార్వతమ్మ రానే వచ్చింది, చేతిలో సంత సంచితో. పళ్ళు లేని బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. "అరగదీసినారేమప్పా?" అని నన్నే అడిగింది.

మేడమ్ నోరు తెరిచేలోపు నేను తెరిచాను. ఆ రోజు నేను చేసిన రెండో తప్పు అది. మొదటిదానికంటే పెద్దది.

"పాలిష్‌కు పంపినామమ్మా! మెరుస్తాయి చూడు! నువ్వు బస్సుకు పో, సాయంత్రానికి నేనే మీ ఇంటికి తెచ్చిస్తాను."

"ఇంటికే తెస్తావా!" అని ఆవిడ ఆశ్చర్యపోయి, వాకిట్లో నిలబడి నన్ను ఆశీర్వదించి వెళ్ళింది. ఆ ఆశీర్వాదం నాకు ముల్లులా గుచ్చుకుంది.

మేడమ్ నన్ను ఒక చూపు చూశారు. తిట్టి ఉంటే బాగుండేది. రత్నమ్మక్క గడియారం చూసి, "నాలుగున్నరకు వ్యాన్ మురుగమల్లలో ఉంటాది. ఆ బండి మునిరాజు టయానికి తప్పడు. పో" అంది.

స్కూటర్ తీశాను. చింతామణి నుంచి మురుగమల్ల వరకు ఆ రోడ్డు మీద నేను దాటని బస్సు లేదు, నాకు దారి ఇచ్చిన గేదె లేదు. అక్కడి దర్గాకు వచ్చిన జనంతో వీధి నిండిపోయి ఉంది. పూల దుకాణాలు, చక్కెర పొట్లాలు, ఆటోలు. వాటి వెనక ఒక చిన్న క్లినిక్ ముందు పసుపు రంగు వ్యాన్ ఆగి ఉంది. దేవుడు ఏ దుకాణం వెనక ఉంటాడో ఎవరికి తెలుసు అనుకుంటూ పరుగెత్తాను.

మునిరాజును నేను రోజూ చూసేవాణ్ణే కానీ ఎన్నడూ సరిగ్గా చూడలేదు. యాభై దాటిన మనిషి. మోకాళ్ళ దాకా బూట్లు, మోచేతుల దాకా గ్లవుజులు, ముఖానికి మాస్కు, కళ్ళకు అద్దాలు. ఆ ఎండలో ఆ వేషం వేసుకుని ఒక్కొక్క సంచినీ తూచి, చీటీని ఫోన్‌తో చదివించి, నిద్రపోతున్న పిల్లవాణ్ణి పడుకోబెట్టినంత మెల్లగా వ్యాన్‌లో పెడుతున్నాడు.

"మునిరాజప్పా! మా ఎర్ర సంచి ఒకసారి ఇవ్వు."

"ఏంటికి సార్?"

"పొరపాటున ఒకటి పడింది. తీసుకుని మళ్ళీ కట్టేస్తాను. ఒక్క నిమిషం."

"సంచిలో పడింది మళ్ళా తీయకూడదు సార్."

"నాకు తెలుసప్పా ఆ రూలు..."

"మీకు తెలియకుండా ఎట్ల? మీ వాకిట్లో మీరే రాసి పెట్టినారు. ఎర్రక్షరాలు. నేను దినామూ చదువుతాండా."

నేను బతిమాలాను. డాక్టర్ని నేను చెబుతున్నాను అన్నాను. పాపం పెద్దావిడ అన్నాను. చివరికి, నేనే తీసుకుంటాను, నీకేం పోయింది అన్నాను.

అప్పుడతను మాస్కు కొంచెం కిందికి లాగాడు. కోపం లేదు ముఖంలో.

"సార్, నాలుగేండ్ల కింద వేరే ఊర్లో ఒక క్లినిక్ ఆయప్ప ఇట్లే అడిగినాడు. ఉంగరం పడిపోయింది, తీసియ్యి అని. పాపమని చెయ్యి పెట్టినాను. ఎవురో సూదిని తెల్ల డబ్బాలో ఏయకుండా ఆ సంచిలో ఏసిండారు. గ్లవుజు దాటుకొని ఏలికి దిగింది. ఎవురికి పొడిచిన సూదో ఏమో తెలియదు. నెల దినాలు మాత్రలు, ఆర్నెల్లు రక్త పరీక్షలు. ఆర్నెల్లూ నా పెండ్లాము నన్నేమీ అడగలేదు. దినామూ పొద్దున్నే నా ముఖం మాత్రం చూసేది."

"తరువాత?"

"ఏమీ రాలేదు సార్, దేవుడి దయ. ఆ పొద్దు నుంచి నేను సంచి తెరవను. ఒకరినీ తెరవనీను. మీ సంచిలో సూది లేదని మీకు తెలుసు. నాకు తెలియదు కదా. ఇప్పుడు మీ ఏలు కూడా నా బాధ్యతే."

వీధి అంతా గోలగా ఉంది. నాకు మాత్రం ఏమీ వినపడలేదు. మూడు భాషల్లో పటాలు రాయించినవాణ్ణి నేను. ఆ పటాల్లో ఉన్నది నిజమని మాత్రం నాకు అప్పుడే, ఆ వ్యాన్ పక్కన తెలిసింది. చెత్త బండి మనిషి అనుకుంటూ రెండు నెలలుగా నేను సంచులు విసిరినట్టు ఇచ్చినది ఈ మనిషికి. నా కంటే ఎత్తు తక్కువే. కానీ నేను తలెత్తి చూస్తున్నట్టు అనిపించింది.

"పళ్ళు ఏమవుతాయి మునిరాజప్పా?" అని నెమ్మదిగా అడిగాను.

"ఆవిరిలో ఉడికించి, మిషన్‌లో తురిమేస్తారు సార్" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి, "ఆయమ్మకు నిజం చెప్పండి సార్. పళ్ళు మళ్ళా కట్టియచ్చు" అని వ్యాన్ ఎక్కాడు.

మురుగమల్ల నుంచి పార్వతమ్మ పల్లె దూరం కాదు. ఆ రోజు మాత్రం చాలా దూరం ఉండి ఉంటే బాగుండేదనిపించింది. స్కూటర్‌ను నడిపాను అనడం కంటే నెట్టాను అనడం నిజానికి దగ్గరగా ఉంటుంది. ఆవిడ కొట్టం ముందు ఆవుకు గడ్డి వేస్తోంది. నన్ను చూడగానే ముఖం వెలిగింది. నా ఖాళీ చేతులు చూసింది.

"యాడప్పా నా పల్లు?" అంది. పళ్ళు అనడానికి కూడా పళ్ళు కావాలి. మిగతా మాటలు నేను సరిచేసి రాస్తున్నాను.

చెప్పేశాను. దూది, పటం, ఎర్ర సంచి, వ్యాన్, మునిరాజు, అన్నీ. "తప్పు నాదేనమ్మా. మేడమ్‌ది కాదు, రత్నమ్మక్కది కాదు. నేనే పారేశాను. పాలిష్ అన్నది అబద్ధం."

ఆవిడ ఇంకొంత గడ్డి తీసి ఆవు ముందు వేసింది. ఆవు కరకర నమలసాగింది. ఆ ఆవుకు ఉన్న పళ్ళను నేను అసూయగా చూశాను.

"పళ్ళు పోయినందుకు నాకేమీ కోపం లేదప్పా" అంది చివరికి. "పాలిష్ అంటివే, దానికుండాది కోపం. ఇంత ముసిల్దాన్ని వాకిట్లో నిలబెట్టి ఆశీర్వాదం తీసుకుంటివి."

నేల చూశాను. చూడటానికి ఇంకేం లేదు.

"ఆదివారం సంఘం మీటింగు ఉండాది" అంది ఆవిడ. "మంజుల అని ఒక పాప మా డెయిరీలో పాలు పరీక్ష చేస్తాది. పాలల్లో వెన్న ఎంతుండాదో చూసేదానికి యాసిడ్ పోస్తారు. పోయిన నెల ఆ యాసిడ్ చిట్లి చేయి కాలింది. కన్ను జానెడులో తప్పింది. ఆ గదిలో కండ్లద్దాలు ల్యా, గ్లవుజులు ల్యా, కడుక్కునేదానికి కొళాయి ల్యా. సెక్రెటరీని అడిగితే, ఆ పాపే సరిగ్గా పట్టుకోలేదు అంటాడు. ఆదివారం అందరి ముందర నేను అడగాల. ఇప్పుడు ఈ నోటితో ఏమి మాట్లాడేది? నవ్వుతారు."

నేను పారేసింది పళ్ళ సెట్టు అనుకున్నాను. కాదు, ఒక మనిషి తరఫున అడగబోయే మాటను పారేశాను.

మేడమ్‌కు ఫోన్ చేశాను. ఎంత తొందరపడినా కొత్త సెట్టుకు పది దినాలు పడుతుందన్నారు.

"అయితే ఇట్లే పోతాను" అంది పార్వతమ్మ. "నువ్వూ రావాల."

శుక్రవారం తనిఖీ అధికారి వచ్చాడు. ఎర్ర డబ్బా చూపించి, "ఇందులో ఏమి వేస్తారు?" అని నన్ను అడిగాడు. నేను తడబడుతూ గోడ మీది పటం కోసం వెతికాను. రత్నమ్మక్కే అన్నీ గడగడా చెప్పింది, ఒక్క పటం వైపూ చూడకుండా. ప్రమాదాల రిజిస్టర్‌లో బుధవారం పేజీలో ఆమె నా చేత రాయించిన నాలుగు వాక్యాలు అధికారి రెండుసార్లు చదివాడు. "రోగికి చెప్పారా?" అన్నాడు. "చెప్పాను సార్" అన్నాను. సంతకం చేసి, వెళ్ళేముందు టోపీ తీసి రత్నమ్మక్కకు నమస్కారం పెట్టాడు. నాకు కాదు.

ఆదివారం ఉదయం పాల సంఘం షెడ్డు కిక్కిరిసిపోయింది. నేను వెనక వరుసలో, ఒక లావాటి మనిషి చాటున కూర్చున్నాను. పార్వతమ్మ మైకు ముందుకు వచ్చి నోరు తెరిచింది. మొదటి మాట "హభకు నమహ్కారం" అని వచ్చింది. షెడ్డంతా గొల్లుమంది. నేను కళ్ళు మూసుకున్నాను.

ఆవిడ ఆగింది. నవ్వులు అయ్యేదాకా నిలబడింది. నవ్వులు తగ్గుముఖం పడితే, "ఇంకా ఉంటే నవ్వుకోండి. నేను యాడికీ పోను" అంది. ఇంకొంత నవ్వారు. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

ఆవిడ మాటలు గాలి దూరినట్టు వచ్చాయి. నేను సరిచేసి రాస్తున్నాను. వినేవాళ్ళు మాత్రం మెడలు ముందుకు చాచి, ఒక్క అక్షరం కూడా పోగొట్టుకోకుండా విన్నారు.

"ఆ వెనకాల దాక్కోనుండే డాక్టరప్పా, లెయ్యి."

లేచాను. షెడ్డులో ఉన్న తలలన్నీ తిరిగాయి.

"ఈయప్ప నా పళ్ళు చెత్తలో ఏసినాడు. పెద్ద చదువు, పెద్దాస్పత్రి. ఎవురికీ తెలియకుండా కప్పేసుకోవచ్చు. కప్పుకోలేదు. ఆ పొద్దే మా కొట్టం కాడికొచ్చి, తప్పు నాదేనమ్మా అన్నాడు."

ఇక పాలిష్ సంగతి వస్తుందని ముందున్న లావాటి మనిషి భుజం పట్టుకున్నాను. ఆవిడ నా వైపు ఒక్క క్షణం చూసింది. ఆ మాటను మింగేసింది.

"నావి కట్టుడు పళ్ళు. మళ్ళా వస్తాయి. మంజుల కండ్లు మళ్ళా వస్తాయా? ఆయమ్మ చెయ్యి చూడండి. ఈ సంఘంలో, ఇంతమందిలో, తప్పు నాది అనేవాడు ఒక్కడన్నా ఉండాడా?"

మూడో వరుసలో మంజుల చీర కొంగు తీసి చేయి పైకెత్తింది. ముంజేతి మీద కాలిన మచ్చ ఎర్రగా ఉంది. బయట పాల వ్యాన్ వచ్చి హారన్ కొట్టింది. ఎవరూ లేవలేదు.

సెక్రెటరీ లేచాడు. ఆయన పొడవాటి మనిషి, లేవడానికి చాలాసేపు పట్టినట్టు అనిపించింది. "తప్పు నాదేనమ్మా" అన్నాడు. "రేపే కొళాయి ఏయిస్తాను. అద్దాలు, గ్లవుజులు వచ్చేదాకా ఆ గది తాళం ఏస్తాను." తర్వాత మంజుల వైపు తిరిగి, "నువ్వు సరిగ్గా పట్టుకోలేదు అన్నాను కదమ్మా. అది మరిచిపో" అన్నాడు.

నేను ఎన్నో సదస్సుల్లో ఎందరో పెద్ద డాక్టర్ల ఉపన్యాసాలు విన్నాను. ముప్పై రెండు పళ్ళూ ఉన్నవాళ్ళు అంత స్పష్టంగా మాట్లాడగా ఇంతవరకు వినలేదు. ఇప్పుడు కూడా ఆ షెడ్డు గుర్తొస్తే, నా రోగులు తెరిచినట్టు నా నోరు దానంతట అదే తెరుచుకుంటుంది.

పదకొండో రోజు పార్వతమ్మ కొత్త సెట్టు పెట్టుకుంది. అద్దం చూసుకుని, "బాగుండాయప్పా" అంది. వెంటనే తీసి డబ్బీలో పెట్టి, డబ్బీని సంచిలో వేసి, సంచిని చంకలో పెట్టుకుని, ఆ తర్వాతే నాకు నమస్కారం చేసింది.

ఇది ఇక్కడితో అయిపోతే నా అదృష్టమే. ఆ మైకులో నా పేరు పడ్డాక చుట్టుపక్కల పల్లెలన్నీ మా ఆస్పత్రికే రావడం మొదలుపెట్టాయి. నిజాయితీ గల డాక్టరని వస్తారు, కానీ ఒక్కరూ నన్ను నమ్మరు. మొన్నమొన్న కూడా, పంటి నొప్పితో మెలికలు తిరుగుతున్న ఒక రైతు కుర్చీలో కూర్చుని రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"తెరువప్పా, చూడాల కదా" అన్నాను.

"తెరుస్తా గానీ, ముందే చెప్తాండా డాక్టరప్పా," అన్నాడు వేళ్ళ సందులోంచి. "ఇవి నా సొంతవి. ఎర్ర సంచిలో ఏయొద్దు. రత్నమ్మక్కా, నువ్వు ఈడే నిలబడుకో!"

కాబట్టి ఇందుమూలంగా, రత్నమ్మక్క ఎదుట, ఎడమ చేయి ప్రమాదాల రిజిస్టర్ మీద, కుడి చేయి నా దవడ మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ మనిషి పళ్ళనూ, సొంతవైనా కట్టించుకున్నవైనా, వాటి యజమాని నోరారా "పారేయప్పా" అంటేనే తప్ప పారేయను. ఆ మాట పళ్ళు లేని నోటి నుంచి వస్తే, సరిగ్గా వినపడిందో లేదో మూడుసార్లు అడుగుతాను.